కొండమీది మంచుకి ఎడారి రంగు ఎక్కడిది? కరగడానికీ దానికీ లెక్క ఏంటి?

మే, జూన్ నెలలొస్తే బెంగళూరులోని మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో హిమాలయాల ఫోటోలు మొదలవుతాయి. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు ఆఫీసుల్లో పనిచేసే కుర్రాళ్లు సెలవు పెట్టి హంప్టా పాస్ అనో రూపిన్ పాస్ అనో వెళ్లొస్తారు, వచ్చాక ఫోటోలు పెడతారు. వాటిలో కొన్ని చూసి అందరూ అడిగేది ఒకటే: మంచు ఇంత మురికిగా ఉందేంటి? పైనంతా గోధుమరంగు పొర, బూటు దిగిన చోట మాత్రం లోపల తెల్లగా కనిపిస్తుంది. కింద జవాబులు కూడా వెంటనే పడతాయి. ఒకరు పొల్యూషన్ అంటారు, ఇంకొకరు గ్లోబల్ వార్మింగ్ అంటారు, మూడో ఆయన "అబ్బే, ఎడారి నుంచి గాలికి కొట్టుకొచ్చిన దుమ్మండీ, ఎప్పుడూ ఉండేదే" అని తేల్చేస్తారు.

ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. కానీ ఏది ఎంతవరకు నిజమో తెలియాలంటే ఆ దుమ్ము బయల్దేరిన చోటు నుంచి మొదలుపెట్టాలి.

## ఇసుక అక్కడే ఉంటుంది, దుమ్ము ప్రయాణం చేస్తుంది

ఎడారి అనగానే ఇసుక గుర్తొస్తుంది. అయితే కొండల దాకా వచ్చేది ఇసుక కాదు, ఇసుక రేణువు బరువుగా ఉంటుంది, గాలి లేపినా కొద్ది దూరంలోనే మళ్లీ నేలమీద పడుతుంది. అలా పడేటప్పుడు నేలని గట్టిగా కొడుతుంది. ఆ దెబ్బకి నేలకి అతుక్కుని ఉన్న సన్నటి దుమ్ము విడివడి పైకి లేస్తుంది. గట్టిగాలి వీచినప్పుడు ఎడారి అంతటా జరిగేది ఇదే: పెద్ద రేణువులు గెంతుతూ పోతాయి, ఆ గెంతులకి చిన్నవి గాల్లోకి లేస్తాయి.

ఈ చిన్నవి ఎంత చిన్నవంటే, చాలా దూరం వెళ్లేవి పది మైక్రాన్ల లోపే ఉంటాయి. తల వెంట్రుక మందం సుమారు డెబ్భై మైక్రాన్లు. అంత తేలికైన దుమ్ము ఎండకి వేడెక్కిన గాలితో పాటు నాలుగైదు కిలోమీటర్ల ఎత్తుకి పోగలదు, అక్కడ పైగాలుల్లో పడితే కొన్ని రోజుల్లో వేల కిలోమీటర్లు దాటుతుంది. కొంత దానంతట అదే కిందికి దిగుతుంది, కొంత వానతోనో హిమపాతంతోనో కలిసి పడుతుంది. ఎర్రగానో పసుపుగానో కనిపించడానికి కారణం అందులోని ఇనుము. ఇనుప ఆక్సైడుల్లో హెమటైట్ ఎక్కువ ఉంటే ఎరుపు, గోథైట్ ఉంటే పసుపు కలిసిన గోధుమ రంగు.

## సహారా నుంచి ఆల్ప్స్‌కి, థార్ నుంచి హిమాలయాలకి

యూరప్‌లో ఇది మాటిమాటికీ వార్తల్లోకి వస్తుంది. 2018 మార్చిలో రష్యాలోని సోచి దగ్గర స్కీయింగ్ కొండలు నారింజ రంగుకి తిరిగాయి. 2021 ఫిబ్రవరిలో ఆల్ప్స్ మీద ఆకాశమే నారింజగా మారి, ఆ తర్వాత మంచు కూడా అదే రంగులో మిగిలింది. 2022 మార్చిలో స్పెయిన్ మొత్తం సహారా దుమ్ములో మునిగింది, పిరనీస్ పర్వతాల మంచు కూడా రంగు మారింది. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని శాన్ వాన్ పర్వతాలకి దక్షిణ, పడమర దిక్కుల్లోని కొలరాడో పీఠభూమి ఎండునేలల నుంచి ప్రతి వసంతంలో దుమ్ము వస్తుంది. ఈ విషయం మీద చాలా లోతుగా పరిశోధన జరిగిన చోట్లలో అదొకటి.

మనకి వచ్చేది రెండు మూడు వైపుల నుంచి. దగ్గరలో ఉన్నది థార్ ఎడారి. దానికి పడమరగా ఇరాన్, అఫ్ఘానిస్తాన్ సరిహద్దు ఎండునేలలు, అరేబియా ద్వీపకల్పం, కొన్నిసార్లు ఏకంగా సహారా. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉత్తర భారతంలో నేల ఎండిపోయి, పడమటి గాలులు బలంగా వీచే కాలం ఇదే. ఆ గాలి హిమాలయాలని తాకుతుంది, మోసుకొచ్చిన దుమ్ములో కొంత అక్కడ వదిలేస్తుంది. రుతుపవనం వచ్చాక వానలు గాలిని కడిగేస్తాయి కాబట్టి జోరు తగ్గుతుంది. అంటే దుమ్ము ఎక్కువగా పడేదీ, ఎండ తీవ్రంగా ఉండేదీ, మంచు కరగడం మొదలయ్యేదీ అన్నీ దాదాపు ఒకే కాలం. నా దృష్టిలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇదే దుమ్ము డిసెంబరులో పడి, దానిమీద కొత్త మంచు కప్పేస్తే చాలా కాలం దాని ఊసే ఉండదు.

## తెలుపు తగ్గితే ఎంత నష్టం? ఒక లెక్క వేద్దాం

ఒక ఉపరితలం తన మీద పడిన ఎండలో ఎంత భాగాన్ని వెనక్కి పంపుతుందో చెప్పే కొలతని ఆల్బిడో అంటారు. అంతా వెనక్కి పంపితే 1, ఏమీ పంపకపోతే 0. అప్పుడే కురిసిన శుభ్రమైన మంచుకి ఇది 0.8 నుంచి 0.9 మధ్య ఉంటుంది. బెంగళూరులో టాప్ ఫ్లోర్‌లో ఉండేవాళ్లు చాలామంది మేడ మీద తెల్లటి కూలింగ్ పెయింట్ వేయిస్తారు కదా, మొదటి వేసవిలో గది చల్లగా ఉంటుంది, పక్క సైట్ కన్‌స్ట్రక్షన్ దుమ్ము పేరుకున్నాక ఆ చల్లదనం తగ్గుతుంది. పెయింట్ అక్కడే ఉంది, దానిమీద పడ్డ పొరే ఎండని మింగేస్తోంది. మంచు విషయంలోనూ సూత్రం అదే, కాకపోతే మేడ వేడెక్కుతుంది, మంచు కరిగిపోతుంది.

ఇప్పుడు లెక్క. ఎత్తైన కొండమీద మబ్బు లేని మధ్యాహ్నం చదరపు మీటరుకి సుమారు 1000 వాట్ల ఎండ పడుతుందనుకుందాం. మంచు ఆల్బిడో 0.85 అయితే 850 వాట్లు వెనక్కి పోతాయి, 150 లోపలికి వెళతాయి. అదే మంచు మీద దుమ్ము పడి ఆల్బిడో 0.65కి దిగిందనుకోండి. అప్పుడు లోపలికి వెళ్లేవి 350 వాట్లు. చూడ్డానికి తెలుపు కొంచెం మాసినట్టు ఉంటుందంతే, కానీ మంచు తీసుకునే వేడి రెట్టింపు దాటిపోయింది.

ఆ అదనపు 200 వాట్లు ఉదయం పది నుంచి రెండింటి దాకా, అంటే నాలుగు గంటలు అందాయనుకుంటే మొత్తం 28,80,000 జౌళ్లు. సున్నా డిగ్రీల దగ్గర ఉన్న కిలో మంచుని నీరు చేయడానికి సుమారు 3,34,000 జౌళ్లు కావాలి. భాగిస్తే 8.6 కిలోలు. అంటే ఒక్క మధ్యాహ్నంలో ఒక్కో చదరపు మీటరు దగ్గర ఎనిమిదిన్నర లీటర్ల నీరు అదనంగా కరుగుతుంది. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న ముక్క తీసుకుంటే 860 లీటర్లు. నిజమైన కొండమీద మబ్బులుంటాయి, వాలు ఉంటుంది, రాత్రి గడ్డకట్టిన మంచు ముందు సున్నా డిగ్రీలకి రావాలి, కాబట్టి ఈ అంకెని ఒక అంచనాగానే చూడాలి. కానీ రంగులో చిన్న తేడా నీటిలో ఎంత తేడా అవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

## కరిగేకొద్దీ మంచు ఇంకా నల్లబడుతుంది

దీన్ని మొదటిసారి చదివినప్పుడు నన్ను ఆపేసిన విషయం ఇది. వసంతకాలంలో కొండమీద మంచుని నిలువునా తవ్వి గోడలా చెక్కి చూస్తే, తెలుపు మధ్యలో సన్నటి గోధుమ చారలు అడ్డంగా కనిపిస్తాయి. ఒక్కో చార ఒక్కో దుమ్ము తుఫాను. ఫిబ్రవరిలో వచ్చింది కింద, మార్చిలో వచ్చింది దానిపైన, మధ్యలో ఆయా వారాల్లో కురిసిన తెల్లటి మంచు. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, అంతా శుభ్రంగానే ఉంటుంది.

ఎండాకాలం మొదలై పైపొర కరిగినప్పుడు నీరు కిందికి ఇంకిపోతుంది, దుమ్ములో ఎక్కువ భాగం మాత్రం పైనే మిగిలిపోతుంది. ఇంకొంచెం కరిగితే రెండో చార బయటపడి మొదటి చార దుమ్ముతో కలుస్తుంది. తర్వాత మూడోది. చలికాలమంతా విడివిడిగా పడ్డ దుమ్ము వేసవి నాటికి ఒకే పొరగా పైకి చేరి కూర్చుంటుంది. రంగు ముదురుతుంది, వేడి ఎక్కువ పడుతుంది, కరగడం పెరుగుతుంది, దాంతో ఇంకో చార బయటపడుతుంది. దీనికి తోడు, వేడి తగిలినకొద్దీ సన్నటి మంచు కణాలు ఒకదానితో ఒకటి కలిసి లావవుతాయి. లావు కణాల మధ్య వెలుతురు ఇంకా లోతుకి వెళుతుంది, అంటే దుమ్ము లేకపోయినా ఆల్బిడో కొంత పడిపోతుంది. ఒక మార్పు ఇంకో మార్పుని లాక్కొస్తుంది.

కొలరాడో పర్వతాల్లో టామ్ పెయింటర్ అనే మంచు పరిశోధకుడి బృందం ఏళ్లతరబడి కొలిచింది ఇదే. దుమ్ము వల్ల అక్కడ మంచు మామూలుకన్నా మూడు నాలుగు వారాలు, దుమ్ము ఎక్కువ పడిన సంవత్సరాల్లో అంతకన్నా ముందే కరిగిపోతోంది. కొలరాడో నదికి వరద పోటు సగటున మూడు వారాలు ముందుకి జరిగిందనీ, ఏడాది మొత్తం ప్రవాహం సుమారు 5 శాతం తగ్గిందనీ 2010లో వాళ్లు అంచనా కట్టారు. తగ్గడమెందుకంటే, మంచు ముందే పోతే కింద నేల, మొక్కలు ముందే బయటపడి ఎక్కువ రోజులు నీటిని ఆవిరి చేస్తాయి.

## మరీ మందంగా పడితే కథ తిరగబడుతుంది

ఇక్కడొక మెలిక ఉంది. పల్చటి దుమ్ము మంచుని కరిగిస్తుంది, మందపాటి మట్టీ రాళ్ల పొర మంచుని కాపాడుతుంది. కొన్ని సెంటీమీటర్ల మందం దాటాక ఎండ వేడి ఆ పొరలోనే ఆగిపోయి కిందికి చేరదు. గునార్ ఓస్ట్రెమ్ అనే పరిశోధకుడు 1959లోనే దీన్ని కొలిచి చూపించారు. గంగోత్రి, ఖుంబు లాంటి హిమానీనదాల కింది భాగాలు రాళ్లు, మట్టితో కప్పి ఉంటాయి కాబట్టి "నల్లగా ఉంది, అందుకే కరుగుతోంది" అని చూడగానే అనలేం. అయితే ఆ రాళ్లమట్టి పక్క కొండల నుంచి జారిపడింది, ఎడారి నుంచి గాలికొచ్చిన దుమ్ము అంత మందంగా పేరుకోదు.

## ఫోటోలో రంగు చూసి కారణం చెప్పగలమా?

పూర్తిగా చెప్పలేం. లేత గోధుమ, నారింజ రంగులు సాధారణంగా ఖనిజ ధూళివి. బూడిద, నలుపు వైపు ఉంటే మసి అయ్యే అవకాశం ఉంది, కానీ మసి చాలా కొద్దిగా ఉన్నా ప్రభావం చూపిస్తుంది, కంటికి కనిపించకపోవచ్చు కూడా. గులాబీ లేదా పుచ్చకాయ గుజ్జు రంగు ఉంటే అది దుమ్మే కాకపోవచ్చు, మంచులో బతికే సూక్ష్మమైన ఆల్గే. ఘాటైన ఎండ నుంచి తమని కాపాడుకోవడానికి అవి ఎర్రటి పదార్థాన్ని తయారుచేసుకుంటాయి. దుమ్ముతో వచ్చే ఫాస్ఫరస్, ఇనుము వాటికి ఆహారం కూడా, అందుకే రెండూ ఒకేచోట కనిపించడం మామూలే.

## దుమ్మా, మసా? హిమాలయాల మీద నడిచిన చర్చ

చాలాకాలం హిమాలయాల విషయంలో వేలు మసి వైపే చూపించింది. డీజిల్ వాహనాలు, ఇటుక బట్టీలు, కట్టెల పొయ్యిలు, పంట వ్యర్థాలు, అడవి మంటలు, వీటి నుంచి వచ్చే నల్లటి కార్బన్. గ్రాముకి గ్రాము పోలిస్తే మసి దుమ్ముకన్నా ఎన్నో పదుల రెట్లు ఎక్కువగా వెలుతురుని మింగుతుంది కాబట్టి ఆ వాదనకి బలం ఉంది.

2020లో నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో వచ్చిన పరిశోధన ఈ చర్చని మలుపు తిప్పింది. చందన్ సారంగి, యున్ చియాన్, వాళ్ల సహచరులు ఉపగ్రహ చిత్రాల ఆధారంగా ఆసియా పర్వతాల మంచుని పరిశీలించి, సుమారు నాలుగున్నర వేల మీటర్ల పైన మంచుని నల్లబరిచి కరిగించడంలో మసికన్నా దుమ్ముదే పైచేయి అని చెప్పారు. సారంగి తర్వాత మన పక్కన చెన్నైలోని ఐఐటీ మద్రాసులో చేరారు. వాళ్లు చెప్పిన కారణాలు తేలిగ్గా అర్థమవుతాయి. మసి ఎక్కువగా కింది గాలిలో ఉంటుంది, ఎడారి దుమ్ము ఎత్తులో ప్రయాణిస్తుంది, పరిమాణంలో కూడా దుమ్మే చాలా ఎక్కువ. పైగా దుమ్ము రేణువు కాస్త పెద్దది, మంచులోంచి తేలిగ్గా జారిపోదు.

దీన్ని చదివి "మసి వల్ల ఏమీ లేదు" అనుకుంటే తప్పే. ఆ నాలుగున్నర వేల మీటర్ల కింద మసి ప్రభావం అలాగే ఉంది, మన ట్రెక్కింగ్ దారులు చాలావరకు ఆ ఎత్తులోనే ఉంటాయి. గాల్లో ఉన్న మసి, దుమ్ము రెండూ గాలినే వేడెక్కిస్తాయి, ఆ వేడి కూడా మంచుకి తగులుతుంది. ఇంకో ఇబ్బంది, అంత ఎత్తులో నేలమీద కొలిచే స్టేషన్లు తక్కువ, ఉపగ్రహం చూసిన దాన్ని చేత్తో తవ్వి సరిచూసుకునే అవకాశం ప్రతిచోటా ఉండదు. అందుకే ఏ లోయలో ఏది ఎంత అన్న ప్రశ్న ఇంకా తెరిచే ఉంది.

## మరి గ్లోబల్ వార్మింగ్ సంగతి?

కొలరాడోలో వసంతకాలపు నీటి ఉరవడి ఏడాదికేడాది మారడానికి ఉష్ణోగ్రతకన్నా దుమ్మే ఎక్కువ కారణమని 2018లో అదే పెయింటర్ బృందం చూపించింది. దాన్ని తెచ్చి హిమాలయాలకి అతికించి, వాతావరణం వేడెక్కడాన్ని పక్కన పెట్టేవాళ్లున్నారు. కానీ ఆ రెండూ వేర్వేరు ప్రశ్నలు. ఈ ఏడాది మంచు గత ఏడాదికన్నా ముందే ఎందుకు కరిగిందన్నది ఒకటి, దశాబ్దాలుగా హిమానీనదాలు ఎందుకు కుంచించుకుపోతున్నాయన్నది ఇంకొకటి. హిమాలయాల పొడవునా సుమారు రెండు వేల కిలోమీటర్ల మేర హిమానీనదాలని పరిశీలించిన 2019 నాటి పరిశోధనలో, 2000 తర్వాత మంచు నష్టం అంతకుముందు పాతికేళ్లతో పోలిస్తే రెట్టింపయిందని తేలింది. దుమ్ము ఎక్కువ పడేచోటా తక్కువ పడేచోటా ఇంచుమించు ఒకేలా నష్టం ఉండటం వల్ల దానికి ఉష్ణోగ్రత పెరగడమే ప్రధాన కారణమని వాళ్లు వాదించారు.

రెండూ కలిస్తే ఏమవుతుందో చూడాలంటే 2022 స్విట్జర్లాండ్ చాలు. ఆ చలికాలం మంచు తక్కువ కురిసింది, వసంతంలో సహారా దుమ్ము పడింది, వేసవిలో వడగాడ్పులు వచ్చాయి. ఆ ఒక్క ఏడాదిలో అక్కడి హిమానీనదాలు తమ మంచులో సుమారు 6 శాతం కోల్పోయాయి. ఇందులో దుమ్ము వాటా ఇంత అని గీత గీసి విడదీయడం కష్టం, ఎందుకంటే దుమ్ము మంచుపొరని ముందే తీసేసింది కాబట్టే వడగాడ్పు నేరుగా పాత మంచుగడ్డని తాకింది.

## బెంగళూరులో కూర్చున్న మనకి దీంతో ఏం పని?

నీళ్ల విషయంలో నేరుగా ఏమీ లేదు. మనం తాగే కావేరికి గానీ, ఊరికెళితే కనిపించే కృష్ణా, గోదావరి, పెన్నాలకి గానీ మంచుతో సంబంధం లేదు, అన్నీ వాన నదులే. కరిగిన మంచు మీద బాగా ఆధారపడేది సింధు నదీ వ్యవస్థ, గంగకి కూడా ఎగువ భాగంలోనే ఆ ప్రాధాన్యం ఎక్కువ.

వాన విషయంలో మాత్రం ఒక పాత వాదన ఉంది. భారత వాతావరణ శాఖకి తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్ 1884లోనే, హిమాలయాల్లో వసంతంలో మంచు ఎక్కువగా ఉన్న ఏడాది రుతుపవనం బలహీనంగా ఉంటుందని అన్నారు. మంచు ఎండని వెనక్కి పంపితే నేల ఆలస్యంగా వేడెక్కుతుంది, సముద్రం నుంచి తేమగాలిని లాగే శక్తి తగ్గుతుంది అన్నది దాని వెనక తర్కం. ఆ లెక్కన దుమ్ము మంచుని తొందరగా కరిగిస్తే రుతుపవనం మీద కూడా ప్రభావం ఉండాలి. 2006లో విలియం లావ్ బృందం ఇంకో అడుగు ముందుకేసి, హిమాలయాల అంచున గాల్లో పేరుకున్న దుమ్ము, మసి వేడెక్కి పైకి లేస్తూ తేమని ఉత్తరానికి లాగుతాయని ప్రతిపాదించింది. 2010లో నిగమ్, బొల్లసినా అనే ఇద్దరు పరిశోధకులు కొలతలు ఈ ప్రతిపాదనని బలపరచడం లేదని గట్టిగా ఎదురు వాదించారు. బ్లాన్‌ఫర్డ్ చెప్పిన సంబంధం కూడా ఇటీవలి దశాబ్దాల్లో బలహీనపడింది. కాబట్టి హిమాలయాల ఫోటో చూసి మన అనంతపురం వానల గురించి ఏదైనా చెప్పడం ఇప్పటికైతే తొందరపాటే.

ఇంకో బంధం కూడా ఉంది, అది చాలామందికి తెలియదు. లడఖ్‌లోని హాన్లేలో సుమారు 4500 మీటర్ల ఎత్తున ఉన్న టెలిస్కోపుని నడిపేది మన బెంగళూరు పక్కన హోస్కోటె నుంచే, ఉపగ్రహ లింకు ద్వారా. భారత ఖగోళ భౌతిక సంస్థ అక్కడ గాలిలోని ధూళిని కూడా కొలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం అది చాలా స్వచ్ఛమైన ఆకాశం, వసంతం వచ్చేసరికి అక్కడ కూడా దుమ్ము పెరుగుతుంది.

## "ఎప్పుడూ ఉండేదే" అన్న మాట ఎంతవరకు నిజం?

ఎడారి ఉన్నప్పటి నుంచీ దుమ్ము ఉంది, అందులో అనుమానం లేదు. ఎంత దుమ్ము అన్నదే ప్రశ్న. ఎండిన నేలకి సహజంగా ఒక గట్టి పైపొర ఉంటుంది, పశువుల గిట్టలు, వాహనాల చక్రాలు, దున్నకాలు దాన్ని పగలగొడితే కింద ఉన్న సన్నటి మట్టి గాలికి దొరుకుతుంది. నీళ్లు మళ్లించేసిన సరస్సులు కూడా అంతే. 1960ల నుంచి అరల్ సముద్రం ఎండుతూ కొత్త ఎడారినే పుట్టించింది. అమెరికాలో గ్రేట్ సాల్ట్ లేక్ కుంచించుకుపోయాక దాని అడుగు మట్టి కూడా పక్క కొండలకి చేరుతోంది, 2022లో అక్కడి ఒక పరిశోధన స్థలంలో దుమ్ము వల్ల మంచు 17 రోజులు ముందే కరిగిందని యూటా విశ్వవిద్యాలయం వాళ్లు తేల్చారు.

మన వైపు పరిస్థితి అంత సూటిగా లేదు. భూమి వేడెక్కితే ఎడారులు పెరిగి దుమ్ము కూడా పెరుగుతుందని ఒక అంచనా. ఉపగ్రహ కొలతలు చూస్తే 2000 నుంచి ఒకటిన్నర దశాబ్దంలో వాయవ్య భారతంలో రుతుపవనానికి ముందు కాలపు దుమ్ము పెరగలేదు, తగ్గింది. ఆ నెలల్లో వానలు కాస్త పెరిగి నేల తడవడం అందుకు ఒక కారణమని పరిశోధకులు చెప్పారు. అది అలాగే సాగుతుందా అన్నది వేరే విషయం, పడమర నుంచి వచ్చే దుమ్ము సంగతి కూడా వేరు.

కొలరాడో దగ్గర మాత్రం ఈ ప్రశ్నకి చాలా స్పష్టమైన సాక్ష్యం దొరికింది. శాన్ వాన్ పర్వతాల్లోని ఎత్తైన సరస్సుల అడుగున పేరుకున్న మట్టిని గొట్టాలతో తీసి పొరలు పొరలుగా చదివితే, పంతొమ్మిదో శతాబ్దంలో పశ్చిమానికి జనం వలస వచ్చి, పశువుల మేత విపరీతంగా పెరిగిన తర్వాత అక్కడ పడే దుమ్ము అంతకుముందు వేల ఏళ్ల సగటుకన్నా ఐదు రెట్లకి పైగా పెరిగినట్టు 2008లో బయటపడింది. 1934లో టేలర్ గ్రేజింగ్ చట్టం వచ్చి ప్రభుత్వ భూముల్లో మేతకి హద్దులు పెట్టింది. గాల్లోకి లేచిన దుమ్ము వారం పది రోజుల్లో కిందపడిపోతుంది, కార్బన్ డయాక్సైడ్‌లా శతాబ్దాలు ఉండదు, అందుకని మూలం దగ్గర తగ్గిస్తే ఫలితం కూడా త్వరగానే కనిపించాలి. కనిపించింది కూడా: అదే సరస్సుల మట్టిలో ఆ కాలం నుంచి దుమ్ము వాటా తగ్గడం మొదలైంది, పాత స్థాయికి మాత్రం ఇంకా రాలేదు.